న్యూజెర్సీ ఓటు, జార్జియా ఓటు

అమెరికా అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ కాలేజీ గురించి వాదించుకోవడానికి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. 2024లో డొనాల్డ్ ట్రంప్‌కి 312 మంది ఎలక్టర్లు వచ్చారు, కమలా హ్యారిస్‌కి 226 మంది. దేశం మొత్తం ఓట్లలోనూ ఆయనదే పైచేయి, దాదాపు 23 లక్షల తేడాతో. రెండు లెక్కలూ ఒకే పేరు చెప్పాయి కాబట్టి ఓడినవాళ్లు కూడా ఈసారి పద్ధతిని తిట్టలేదు. 2000లో, 2016లో అలా కాదు. మాకే ఎక్కువ ఓట్లొచ్చాయి అయినా ఓడాం అని డెమొక్రాట్లు, రూల్సు ముందే తెలుసు కదా అని రిపబ్లికన్లు. ఆ వేడిలో ఎవరేం మాట్లాడినా అయితే ఓటమి ఏడుపు, లేకపోతే గెలుపు మిడిసిపాటు అనిపించుకునేది. ఇప్పుడు ఎవరి పుండూ పచ్చిగా లేదు. అందుకే నా మాట ఇప్పుడు చెబుతున్నాను: అమెరికా అధ్యక్ష ఎన్నికలో దేశంలోని ఓట్లన్నీ ఒక్కచోట కూడాలి, వాటిల్లో గెలిచినవాళ్లే పదవిలో కూర్చోవాలి. మధ్యలో ఈ ఎలక్టర్లు ఎందుకు?

పద్ధతి తెలియనివాళ్లకి రెండు ముక్కల్లో. ప్రతి రాష్ట్రానికీ దిగువ సభలో ఎంతమంది సభ్యులుంటే అంతమంది, సెనేటర్ల లెక్కన ఇంకో ఇద్దరు ఎలక్టర్లు. రాజధాని వాషింగ్టన్ డీసీకి 1961 సవరణతో ముగ్గురు. మొత్తం 538, గెలవడానికి 270. 48 రాష్ట్రాల్లోనూ డీసీలోనూ ఒక్క ఓటు ఎక్కువొచ్చినవాడికే ఆ రాష్ట్రం ఎలక్టర్లందరూ పోతారు. మెయిన్, నెబ్రాస్కా మాత్రం కొందరిని నియోజకవర్గాల వారీగా పంచుతాయి. ఎలక్టర్లు డిసెంబరులో ఎక్కడివాళ్లక్కడ సమావేశమై ఓటేస్తారు, జనవరి 6న కాంగ్రెస్, అంటే అక్కడి పార్లమెంటు, లెక్కపెడుతుంది.

ఈ పద్ధతిని తప్పుపట్టేవాళ్లు మామూలుగా వయోమింగ్‌తో మొదలుపెడతారు. 2020 జనాభా లెక్కల్లో వయోమింగ్‌లో ఉన్నది 5 లక్షల 77 వేల మంది, ఎలక్టర్లు ముగ్గురు. కాలిఫోర్నియాలో 3 కోట్ల 95 లక్షల మంది, ఎలక్టర్లు 54. అంటే అక్కడ లక్షా 92 వేల మందికి ఒక ఎలక్టరు, ఇక్కడ 7 లక్షల 30 వేల మందికి ఒకరు. దాదాపు నాలుగింతల తేడా. లెక్క నిజమే, అన్యాయమూ నిజమే. కానీ దీన్నే పట్టుకుని వేలాడితే అసలు దోషం కంటపడకుండా పోతుంది. ఆ నాలుగింతల బరువు ఉండీ వయోమింగ్‌కి ఒరిగిందేమిటి? ఎన్నికలప్పుడు అక్కడికి ఏ అభ్యర్థీ వెళ్లడు. రిపబ్లికన్ వెళ్లనక్కర్లేదు, డెమొక్రాట్ వెళ్లి ప్రయోజనం లేదు. ఒక్క ఓటుతో గెలిచినా 30 లక్షలతో గెలిచినా ఫలితం ఒకటే అయినప్పుడు, ఎటో ముందే తేలిపోయిన రాష్ట్రం చిన్నదైతేనేం పెద్దదైతేనేం?

నేనుండేది న్యూజెర్సీలో, ఎడిసన్ పక్కన. మా రాష్ట్రం అధ్యక్ష ఎన్నికలో రిపబ్లికన్‌ని గెలిపించింది ఆఖరిసారి 1988లో. పౌరసత్వం వచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఎన్నికకీ వెళ్లి ఓటేస్తున్నాను గానీ అధ్యక్ష పదవి కోసమని నా తలుపు కొట్టినవాడు లేడు. మా పెద్దమ్మ కొడుకు జార్జియాలో, కమ్మింగ్ దగ్గర ఉంటాడు. 2020లో వాళ్లింటికి రోజూ కరపత్రాలు, ఫోన్లు, టెక్స్టులు. తెలుగులో మాట్లాడే వాలంటీర్లు కూడా వచ్చారట. ఒకరోజు ఫోన్ చేసి, “ఏరా, మీకూ ఇంతే గోలగా ఉందా?” అన్నాడు. “లేదన్నయ్యా, ఇక్కడ ఎన్నికలున్నట్టే లేదు” అన్నాను. “అదృష్టవంతుడివి” అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్లు మండింది. ఇద్దరం ఒకే దేశానికి ప్రమాణం చేసి పౌరులమయ్యాం, ఇద్దరం ఒకే ఫెడరల్ పన్ను కడుతున్నాం. వాడి ఓటు కోసం రెండు పార్టీలూ కాళ్లావేళ్లా పడుతున్నాయి, నా ఓటు వేసినా మానినా తేడా లేదు. నాకూ వాడికీ మధ్య ఉన్నదల్లా ఉద్యోగం ఏ ఊళ్లో దొరికిందన్న తేడానే.

ఇది మావాళ్లు, మీవాళ్లు అన్న గొడవ కాదు. 2020లో ట్రంప్‌కి ఏ రాష్ట్రంలో అన్నిటికన్నా ఎక్కువ ఓట్లు వచ్చాయో చెప్పుకోండి. టెక్సస్ అంటారు చాలామంది. కాదు, కాలిఫోర్నియా. అక్కడ 60 లక్షల మంది ఆయనకి ఓటేశారు. వాళ్ల తరఫున ఆయనకి వచ్చిన ఎలక్టర్లు సున్నా. అదే ఎన్నికలో టెక్సస్‌లో బైడెన్‌కి 52 లక్షల పైచిలుకు ఓట్లు. అక్కడా సున్నా. పైగా రాష్ట్రానికి ఎంతమంది ఎలక్టర్లు అని లెక్క కట్టేటప్పుడు ఈ 60 లక్షల మందీ, ఆ 52 లక్షల మందీ జనాభాలో లెక్కకొస్తారు. తీరా ఓటేసే వేళకి వాళ్ల బరువంతా ఎదుటి అభ్యర్థి వైపు తూగుతుంది. కాలిఫోర్నియా రిపబ్లికన్ తన రాష్ట్రంలో ఉండటం వల్లే డెమొక్రాట్‌కి బలం పెంచుతున్నాడు. ఏ చిన్న రాష్ట్రాన్ని కాపాడటానికి ఇది అవసరమైందో ఎవరైనా చెబితే వినాలని ఉంది.

ఎన్నికల ప్రచారం సంగతి వదిలేయండి, అది నాలుగేళ్లకోసారి వచ్చే జాతర. 2016లో పార్టీ సదస్సులయ్యాక అభ్యర్థులు పెట్టిన సుమారు 400 సభల్లో 94 శాతం 12 రాష్ట్రాల్లోనే జరిగాయన్నది అందరూ చెప్పే లెక్కే. నన్ను బాధపెట్టేది సభలు కాదు, ఆ తర్వాత జరిగే పాలన. స్వేచ్ఛా వాణిజ్యమని చెప్పుకు తిరిగే జార్జి బుష్ 2002 మార్చిలో విదేశీ ఉక్కు మీద సుంకాలు వేశాడు. ఉక్కు కార్మికులున్న పెన్సిల్వేనియా, వెస్ట్ వర్జీనియా, ఒహాయో మీద కన్నుతోనే అని అప్పుడే అందరూ అన్నారు. నేలలోపలి రాతిని నీటి ఒత్తిడితో చీల్చి గ్యాసు, చమురు తీసే ఫ్రాకింగ్‌ని 2019లో నిషేధించాలన్న కమలా హ్యారిస్ 2024 నాటికి నిషేధించను అంది. మధ్యలో మారింది భూగర్భశాస్త్రం కాదు, పెన్సిల్వేనియా 19 ఎలక్టర్ల అవసరం. ఫ్లోరిడా ఊగుతూ ఉన్నన్నాళ్లూ క్యూబా విధానం మయామీలోని క్యూబా మూలాల ఓటర్ల చుట్టూనే తిరిగింది. ఓటు కోసం నాయకుడు మాట మార్చడం ప్రజాస్వామ్యంలో ఉండేదే. మారితే 15 కోట్ల మంది ఓటర్ల కోసం మారాలి గానీ మూడు రాష్ట్రాల్లో ఎటూ తేల్చుకోని కొన్ని లక్షల మంది కోసమా?

“పెద్దలు ఆలోచించి పెట్టిన పద్ధతి” అనేవాళ్లకి రాజ్యాంగం రాసిన 1787 ఫిలడెల్ఫియా సభ నోట్సు ఒక్కసారి చదవమని చెబుతాను. పెద్దలు ఆలోచించారు, కాదనను. ఏమని ఆలోచించారన్నదే ముఖ్యం. పెన్సిల్వేనియా ప్రతినిధి జేమ్స్ విల్సన్ మొదట్లోనే ప్రజలు నేరుగా ఎన్నుకోవాలన్నాడు. వర్జీనియాకి చెందిన జార్జి మేసన్, అది గుడ్డివాణ్ణి రంగులు ఎంచమన్నట్టు ఉంటుందన్నాడు. అంత పెద్ద దేశంలో దూరాన ఉన్న అభ్యర్థుల గురించి జనానికి ఏం తెలుస్తుందన్నది ఆయన బాధ. ఆ కాలానికి అది అర్థం లేని మాట కాదు. ఇక జేమ్స్ మాడిసన్ జులై 19న అన్నది చూడండి. ప్రజలు నేరుగా ఎన్నుకోవడమే అన్నిటికన్నా తగిన పద్ధతి అని ఒప్పుకున్నాడు. వెంటనే ఒక చిక్కుందన్నాడు: ఓటు హక్కు ఉత్తరాదిలో ఎక్కువమందికి ఉంది, దక్షిణాదికి తన నల్లవాళ్ల లెక్కన పలుకుబడి దక్కదు, ఎలక్టర్లను పెడితే ఆ చిక్కు తీరుతుంది. నల్లవాళ్లంటే బానిసలు. వాళ్లకి ఓటు లేదు, కానీ ఒక్కొక్కణ్ణి అయిదింట మూడు వంతుల మనిషిగా లెక్కగట్టి దిగువ సభలో సీట్లు పెంచుకున్నారు. ఎలక్టర్ల సంఖ్య ఆ సీట్లకి ముడిపడింది కాబట్టి అధ్యక్ష ఎన్నికలోకి కూడా ఆ లెక్కే నడిచొచ్చింది. 1800 నాటికి స్వేచ్ఛగా బతుకుతున్న జనం పెన్సిల్వేనియాలోనే ఎక్కువ, ఎలక్టర్లు మాత్రం వర్జీనియాకి 21, పెన్సిల్వేనియాకి 15. మొదటి 36 ఏళ్లలో 32 ఏళ్లు అధ్యక్ష పీఠం మీద కూర్చున్నది వర్జీనియా వాళ్లే. బానిసత్వం ఒక్కటే కారణమని నేను అనను, చరిత్రకారుల్లోనే దాని మీద పంచాయితీ ఉంది. చిన్న రాష్ట్రాలతో రాజీ, కాంగ్రెస్ ఎన్నుకుంటే అధ్యక్షుడు దాని చేతిలో కీలుబొమ్మ అవుతాడన్న భయం, వేసవి ఎండలో నెలల తరబడి కూర్చున్న విసుగు, అన్నీ ఉన్నాయి. అలా కలగలిసి పుట్టినదాన్ని పవిత్ర శాసనంలా చూడొద్దన్నంత వరకే నా మాట.

అసలు ముఖ్యమైన సంగతి ఏమిటంటే, నేను పైన తిట్టిన ‘గెలిచినవాడికే అందరూ’ అన్న నియమం ఆ పెద్దలు పెట్టింది కానే కాదు. రాజ్యాంగంలో ఆ మాటే లేదు. ఎలక్టర్లను ఎలా ఎంచుకోవాలో రాష్ట్ర శాసనసభ ఇష్టం అని ఉంది, అంతే. 1796లో వర్జీనియా నియోజకవర్గాల వారీగా ఎంచుకుంటే అందులో ఒక ఎలక్టరు జాన్ ఆడమ్స్‌కి పోయాడు. ఆడమ్స్ 71–68తో గెలిచాడు. ఓడిన జెఫర్సన్ వర్గం 1800కల్లా వర్జీనియా చట్టం మార్చి అందరూ తమకే వచ్చేలా చేసుకుంది. ఆడమ్స్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్ ఊరుకుంటుందా? ఎలక్టర్లను శాసనసభే ఎంచుకునేలా అదీ మార్చేసుకుంది. పక్కవాడు మార్చాక మనం మారకపోతే నష్టమని ఒక్కో రాష్ట్రమూ అదే దారి పట్టింది. 1836 నాటికి సౌత్ కరోలినా తప్ప అన్ని రాష్ట్రాలూ ఈ పద్ధతిలోకి వచ్చేశాయి. 2024లో కూడా ఇదే నాటకం చూశాం. నెబ్రాస్కాలో ఒమాహా నియోజకవర్గం ఎలక్టరు డెమొక్రాట్లకి పోతున్నాడని రిపబ్లికన్లు ఆఖరి నెలల్లో చట్టం మార్చాలని చూశారు. మీరు మారిస్తే మేమూ మారుస్తామని మెయిన్ డెమొక్రాట్లు బెదిరించారు. మైక్ మెక్‌డానెల్ అనే ఒక్క రాష్ట్ర సెనేటరు, రిపబ్లికనే, ఒప్పుకోకపోవడంతో ఆగిపోయింది. ఇందులో ఫెడరల్ సిద్ధాంతం ఎక్కడుంది? రెండు వందల ఏళ్లకు పైగా నడుస్తున్న పార్టీల ఎత్తుకు పైఎత్తు తప్ప.

ఇక నగరాల భయం. నేరుగా ఎన్నిక పెడితే న్యూయార్కు, లాస్ ఏంజెలెస్ కలిసి దేశాన్ని ఏలేస్తాయంటారు. అమెరికాలో అతి పెద్ద 10 నగరాల జనాభా మొత్తం కూడినా దేశంలో 8 శాతం. గ్రామీణ జనాభా 20 శాతం. ఇంతకుమించి దీని మీద సమయం పెట్టను.

జార్జియా పేరెత్తాను కదా, ఆ రాష్ట్రం చరిత్రలో ఒక కథ ఉంది. ఎలక్టోరల్ కాలేజీ మీద నా అభిప్రాయాన్ని గట్టిపరిచింది ఆ కథే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. దాదాపు అర్ధశతాబ్దం పాటు జార్జియాలో డెమొక్రాటిక్ ప్రైమరీలు, అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నికలు, కౌంటీ యూనిట్ పద్ధతిలో జరిగేవి. కౌంటీ అంటే మన జిల్లా లాంటిది. ఆ రోజుల్లో అక్కడ రిపబ్లికన్ పార్టీ నామమాత్రం, ప్రైమరీ గెలిస్తే గవర్నరు గెలిచినట్టే. ప్రతి కౌంటీకీ కొన్ని యూనిట్లు. అన్నిటికన్నా చిన్న కౌంటీకి రెండు, అట్లాంటా ఉన్న ఫుల్టన్ లాంటి పెద్దదానికి ఆరు. కౌంటీలో ఎక్కువ ఓట్లొచ్చినవాడికి ఆ యూనిట్లన్నీ. 1960లో ఫుల్టన్ జనాభా 5 లక్షల 56 వేలు, ఎకొల్స్ కౌంటీ జనాభా 1,876. అలాంటి చిన్న కౌంటీలు మూడు కలిస్తే ఫుల్టన్‌కి సరిజోడు. ఎకొల్స్‌లో ఒక మనిషి ఫుల్టన్‌లో 99 మందితో సమానమని తర్వాత సుప్రీంకోర్టే లెక్కగట్టింది. 1946లో గవర్నరు ప్రైమరీలో జేమ్స్ కార్‌మైకల్‌కి ఎక్కువ ఓట్లొచ్చాయి, గెలిచింది మాత్రం యూజీన్ టాల్మడ్జ్. జాత్యహంకారాన్ని దాచుకోకుండా బహిరంగంగా ప్రచారం చేసిన మనిషి.

ఈ పద్ధతిని వెనకేసుకొచ్చినవాళ్లు ఏమనేవాళ్లో ఊహించగలరు. పల్లెల గొంతు నొక్కకూడదు, అట్లాంటా రాష్ట్రాన్నంతా మింగేస్తుంది, ఇదంతా మన సంప్రదాయం. ఇంకా, దేశాధ్యక్షుడి ఎన్నికే ఇలా జరుగుతుంటే మా గవర్నరుకి ఎందుకు జరక్కూడదు అనీ వాదించారు. 1963లో గ్రే వర్సెస్ శాండర్స్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఒక మనిషికి ఒక ఓటు అన్న మాట రాజ్యాంగ న్యాయంలో స్థిరపడింది ఆ తీర్పుతోనే. ఎలక్టోరల్ కాలేజీ రాజ్యాంగంలోనే రాసి ఉంది కాబట్టి అది వేరు, దాన్ని చూపించి ఇంకొకటి పెట్టుకోవడం కుదరదు అని కోర్టు తప్పుకుంది. ఆ తర్వాత జార్జియా ఏమన్నా మునిగిపోయిందా? పల్లెలు మాయమయ్యాయా? ఈనాటికీ అక్కడ రిపబ్లికన్ గవర్నర్లు గెలుస్తున్నారు, అట్లాంటా ఓట్లు మరో వైపు పడుతున్నా సరే, ఊళ్లలోనూ శివారు కౌంటీల్లోనూ ఓట్లు పోగుచేసుకుని. రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం అయ్యాక అభ్యర్థి రాష్ట్రమంతా తిరగడం నేర్చుకున్నాడు. మిసిసిప్పీ 1890 రాజ్యాంగంలో ఇలాంటిదే ఇంకొకటి ఉండేది, దాన్ని 2020లో ఓటర్లే రద్దు చేసుకున్నారు. అమెరికాలో 50 మంది గవర్నర్లనీ, 100 మంది సెనేటర్లనీ, మేయర్లనీ, షెరిఫ్‌లనీ జనం ఓట్లు కూడి ఎన్నుకుంటున్నారు. ఒక్క అధ్యక్షుడి దగ్గరే ఆ కూడిక చేతకాకుండా పోయింది.

ఇక్కడ మన తెలుగువాళ్లు నన్ను నిలదీయవచ్చు. నిలదీశారు కూడా. “డీలిమిటేషన్ మాటొస్తే జనాభా లెక్కన సీట్లు పంచకూడదు, దక్షిణాదికి అన్యాయం అంటావు. అమెరికా దగ్గరికొచ్చేసరికి జనం లెక్కే న్యాయం అంటున్నావు. అక్కడో మాట, ఇక్కడో మాటా బాబూ?” అని మా మామగారు హైదరాబాదు నుంచి వీడియో కాల్‌లో పట్టుకున్నారు. గట్టి ప్రశ్నే. లోక్‌సభ స్థానాల్ని రాష్ట్రాల మధ్య పంచడం 1971 జనాభా లెక్కల దగ్గర ఆపేశారు, 1976లో 42వ సవరణతో ఒకసారి, 2001లో 84వ సవరణతో ఇంకోసారి. ఆ తాళం తీస్తే కుటుంబ నియంత్రణ పాటించిన ఆంధ్ర, తెలంగాణ, తమిళనాడు, కేరళ నష్టపోతాయన్నది మన ఆందోళన. ఆ ఆందోళనలో నేనూ ఉన్నాను.

తేడా ఎక్కడుందంటే, మన దగ్గర రాష్ట్రాలకి రాష్ట్రాలుగా కాపలా కాసే సభ సరిగ్గా లేదు. రాజ్యసభలో కూడా ఉత్తరప్రదేశ్‌కి 31, ఆంధ్రకి 11, తెలంగాణకి 7. రెండు సభల్లోనూ జనాభాదే పెత్తనం అయినప్పుడు ఉన్న ఒక్క అడ్డుకట్టనీ పట్టుకుని వేలాడటం సహజం. అమెరికాలో అలా కాదు. సెనేట్‌లో వయోమింగ్‌కి ఇద్దరు, కాలిఫోర్నియాకి ఇద్దరు. జడ్జీల నియామకం, మంత్రుల ఆమోదం, ఒప్పందాలు, ప్రతి చట్టం ఆ సభ గుండానే పోవాలి. రాజ్యాంగ సవరణకి నాలుగింట మూడు వంతుల రాష్ట్రాలు ఒప్పుకోవాలి, అందులోనూ చిన్నా పెద్దా సమానమే. చిన్న రాష్ట్రాలకి అంత కోట ఉంది, ఉండనివ్వండి, సెనేట్‌ని మార్చమని నేను అడగడం లేదు. రాష్ట్రాల తరఫున మాట్లాడే చోటు వేరు, దేశమంతటికీ ఒక్క మనిషిని పెట్టుకునే చోటు వేరు. చట్టసభలో సీట్లు పంచుకోవచ్చు, బేరాలాడుకోవచ్చు. అధ్యక్ష పదవి ఒక్కటే కుర్చీ, దాన్ని ముక్కలు చేసి పంచడం కుదరదు. 2018లో కర్ణాటకలో కాంగ్రెస్‌కి 38 శాతం ఓట్లొచ్చినా 80 సీట్లే, 36 శాతం వచ్చిన బీజేపీకి 104. అక్కడ ఎక్కువ ఓట్లొచ్చిన పార్టీయే జేడీఎస్‌తో చేతులు కలిపి ప్రభుత్వంలోకి రాగలిగింది. 2016లో 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ తెచ్చుకున్న హిలరీ క్లింటన్‌కి అలాంటి దారి లేదు. మామగారు పూర్తిగా ఒప్పుకోలేదు. “రాజ్యసభని సెనేట్‌లా మార్చేదాకా నీ మాట పక్కనబెడతా” అన్నారు. న్యాయమైన షరతే.

ఎలక్టర్ల వైపు వాదించేవాళ్ల చేతిలో నిజంగా బలమున్న ఆయుధం ఒకటుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అమెరికాకి మన ఎన్నికల కమిషన్ లాంటిది లేదు. దేశవ్యాప్త ఓటర్ల జాబితా లేదు. ఎన్నికలు నడిపేది 50 రాష్ట్రాలు, వాటి కింద వేలాది కౌంటీలు, ఊళ్లు. ఒకచోట ఫొటో గుర్తింపు కార్డు అడుగుతారు, ఒకచోట సంతకం చూస్తారు. ఒకచోట నెలముందే ఓటేయొచ్చు, కొన్ని రాష్ట్రాల్లో జైలు నుంచి వచ్చినవాళ్లకి ఓటు లేదు. దేశం మొత్తం ఓట్లు అంటున్నామే, ఆ అంకెని అధికారికంగా ప్రకటించే సంస్థే లేదు. రాష్ట్రాలు విడివిడిగా ప్రకటించినవాటిని పత్రికలూ పరిశోధకులూ కూడుకుంటారు, అంతే. 1960లో అలబామాలో ఎలక్టర్లకి విడివిడిగా ఓటేయించారు, కొందరు కెనడీ వైపు, కొందరు ఎవరికీ కట్టుబడనివాళ్లు. ఆ ఓట్లని ఎవరి ఖాతాలో వేస్తామన్నదాన్ని బట్టి ఆ ఏడాది దేశంలో ఎవరికి ఎక్కువ ఓట్లొచ్చాయన్నదే మారిపోతుంది! కెనడీ ఆధిక్యం మామూలుగా చెప్పే లెక్కలోనే లక్షా 13 వేలు. అంత దగ్గరి ఎన్నిక దేశమంతా ఒకే లెక్కగా జరిగి ఉంటే, ప్రతి కౌంటీలోనూ మళ్లీ లెక్కించమని కేసులు పడేవి. 2000లో ఫ్లోరిడా ఒక్కటే నెలరోజులు దేశాన్ని కూర్చోబెట్టింది. 50 ఫ్లోరిడాలు ఊహించుకోండి అంటారు.

ఊహించుకున్నాను. ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు. అదే రోజు దేశం మొత్తంలో, చివరికి ఓడిపోయిన అల్ గోర్ ఆధిక్యం 5 లక్షల 40 వేల పైన. ఎన్నికని చిన్న ముక్కలు చేస్తే దగ్గరి పోటీలు ఎక్కువవుతాయి, కుప్ప పెద్దదైతే తేడా సాధారణంగా స్పష్టంగా కనిపిస్తుంది. 2020లో బైడెన్ 70 లక్షల ఓట్లతో ముందున్నాడు. అయినా అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ మూడింట్లో కలిపి 43 వేల ఓట్ల తేడా అటు తిరిగితే 269–269తో టై అయ్యేది, వ్యవహారం దిగువ సభకి పోయేది. అక్కడ రాష్ట్రానికి ఒకే ఓటు, కాలిఫోర్నియాకీ ఒకటే వయోమింగ్‌కీ ఒకటే, అప్పుడు ఎక్కువ రాష్ట్రాల బృందాలు రిపబ్లికన్ల చేతిలో ఉన్నాయి. మోసానికి ఆశ పుట్టేది ఎక్కడ? తేడా చిన్నగా ఉన్నచోట. 2021 జనవరి 2న ట్రంప్ జార్జియా ఎన్నికల అధికారి బ్రాడ్ రాఫెన్స్‌పర్గర్‌కి ఫోన్ చేసి నాకు 11,780 ఓట్లు వెతికిపెట్టు అన్నాడు. ఆ అంకె అడగ్గలిగేంత చిన్నది కాబట్టి అడిగాడు. 70 లక్షల ఓట్లు వెతికిపెట్టమని ఎవరికి ఫోన్ చేస్తాడు? ట్రంప్ ఓడిన ఏడు రాష్ట్రాల్లో ఆయనే గెలిచాడంటూ తయారైన పోటీ ఎలక్టర్ల పత్రాలు, కాంగ్రెస్ భవనం మీద జనవరి 6 దాడి, ఇవన్నీ నవంబరుకీ జనవరికీ మధ్య ఎలక్టర్ల పద్ధతి వదిలిన సందుల్లోంచి వచ్చినవే. 2022లో చట్టం చేసి కొన్ని సందులు పూడ్చారు, మంచిదే.

ఇదంతా జరగని పని అని కొట్టిపారేయకండి, ఒకసారి అంచుదాకా వచ్చింది. 1968లో మూడో పార్టీ తరఫున నిలబడ్డ జార్జి వాలెస్ దక్షిణాది రాష్ట్రాలు గెలిచి 46 మంది ఎలక్టర్లను పట్టుకున్నాడు. రెండు పెద్ద పార్టీల అభ్యర్థుల్లో ఎవరికీ మెజారిటీ రాకపోతే బేరం పెడదామన్నది ఆయన ఆలోచన. ఆ భయంతో రెండు పార్టీలూ కదిలాయి. 1969 సెప్టెంబరులో దిగువ సభ 338–70తో ప్రత్యక్ష ఎన్నిక సవరణని ఆమోదించింది. అధ్యక్షుడు నిక్సన్ మద్దతిచ్చాడు. సెనేట్‌లో ఇండియానాకి చెందిన బర్చ్ బే దాన్ని మోశాడు. స్ట్రామ్ థర్మండ్, జేమ్స్ ఈస్ట్‌లండ్, శామ్ ఎర్విన్ లాంటి దక్షిణాది సెనేటర్లు, కొందరు చిన్న రాష్ట్రాల రిపబ్లికన్ల తోడుతో, 1970లో మాట్లాడి మాట్లాడి చంపేశారు. చర్చ ముగించడానికి 54 మంది సరే అన్నారు, 36 మంది కాదన్నారు, కావాల్సింది మూడింట రెండు వంతులు. 1979లో మళ్లీ ఓటింగుకి వస్తే 51–48. ఆసారి వ్యతిరేకించినవాళ్లలో నల్లజాతి హక్కుల సంస్థ అర్బన్ లీగ్ నాయకుడు వెర్నన్ జోర్డన్ కూడా ఉన్నాడు. పెద్ద రాష్ట్రాల్లో పోటీ దగ్గరగా ఉన్నప్పుడు నల్లజాతి ఓట్లే అటో ఇటో తేలుస్తాయి, ఆ పట్టు పోతుందన్నది ఆయన లెక్క. ఆ భయాన్ని నేను తప్పుపట్టలేను. కాకపోతే ఆ పట్టు ఇల్లినాయ్‌లో ఉన్నవాళ్లకి దొరికి, అలబామాలో, మిసిసిప్పీలో లక్షల్లో ఉన్నవాళ్లకి దొరకలేదు.

పార్టీలు వేసుకునే లాభనష్టాల లెక్క కూడా నిలకడైనది కాదు. 2004లో బుష్ 30 లక్షల ఓట్లతో ముందున్నాడు. ఒహాయోలో ఆయన ఆధిక్యం లక్షా 18 వేలు. ఓ 60 వేల మంది మనసు మార్చుకుని ఉంటే జాన్ కెర్రీ అధ్యక్షుడయ్యేవాడు, అప్పుడు ఈ వ్యాసాలన్నీ రిపబ్లికన్లు రాసేవాళ్లు. 2024లో ప్యూ పరిశోధన సంస్థ సర్వేలో 63 శాతం అమెరికన్లు నేరుగా ఎన్నుకోవడమే మేలన్నారు. నాయకులు మాత్రం నిన్నటి ఫలితం చూసి రేపటి సిద్ధాంతం రాసుకుంటారు.

రాజ్యాంగం మార్చకుండానే పని కానిచ్చే దారి ఒకటి నడుస్తోంది. దేశంలో ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లకే మా ఎలక్టర్లను ఇస్తాం అని రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటున్నాయి, మొత్తం 270 కూడాక అది అమల్లోకొస్తుంది. 2007లో మేరీల్యాండ్‌తో మొదలై 2024 ఏప్రిల్‌లో మెయిన్ చేరేసరికి 209కి వచ్చింది. మా న్యూజెర్సీ కూడా తొలినాళ్లలోనే చేరింది. నాకు దీని మీద పెద్ద నమ్మకం లేదు. ఇప్పటిదాకా చేరినవన్నీ దాదాపు డెమొక్రాట్ల రాష్ట్రాలే. పైగా చట్టం చేసిన శాసనసభ రేపు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. తమ రాష్ట్రం ఓడించిన అభ్యర్థికి ఎలక్టర్లందర్నీ ఇవ్వాల్సి వచ్చిన మొదటి ఏడాదే ఇది కోర్టుకెక్కుతుంది. ఇందాక చెప్పిన చిక్కు, ఓటర్ల అర్హతలు ఎక్కడికక్కడ వేరుగా ఉండటం, దీనితో తీరదు. దొడ్డిదారిన తెచ్చుకున్నది దొడ్డిదారినే పోతుంది.

సవరణే కావాలి. 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి, నేను బతికుండగా జరుగుతుందో లేదో. రాసేదైతే నేరుగా ఎన్నిక అన్న ఒక్క వాక్యంతో వదిలేయకూడదు. ముగ్గురు నలుగురు పోటీపడితే 30 శాతంతో ఎవరైనా గెలిచే ప్రమాదం ఉంది. బర్చ్ బే సవరణలో 40 శాతం గీత పెట్టారు, దాటకపోతే మళ్లీ ఎన్నిక. 1860లో లింకన్‌కే 39.8 శాతం వచ్చింది. అంతకన్నా ఓటరు తన రెండో ప్రాధాన్యం కూడా ఆ రోజే రాసేస్తే మేలు. మెయిన్ రాష్ట్రంలో అధ్యక్ష ఎన్నికకి ఇప్పటికే అలా చేస్తున్నారు. మన రాష్ట్రపతి ఎన్నికలో అదే పద్ధతి, 1969లో నీలం సంజీవరెడ్డి మీద వి.వి.గిరి గెలుపు తేలింది రెండో ప్రాధాన్య ఓట్ల దగ్గరే. ఇక దేశమంతటికీ ఒకే రకం ఓటరు అర్హతలు కావాలి. చివరిగా, దేశం మొత్తం ఓట్లని కూడి ఇదీ ఫలితం అని సంతకం పెట్టే ఒక సంస్థ కావాలి, ఏ పార్టీ చేతిలోనూ లేనిది. ఈ ఆఖరిదే అన్నిటికన్నా కష్టం. తాము లెక్కించిన ఓట్ల మీద వాషింగ్టన్‌లో ఇంకొకరి సంతకం ఉండాలంటే టెక్సస్ ఒప్పుకోదు, మా న్యూజెర్సీ కూడా గొణుగుతుంది. బేరం మొదలుపెట్టాల్సింది అక్కడే.